పేషెంటు తాలూకు ఎవరు?

ఆసుపత్రి మైకులో పేషెంటు పేరు ఎప్పుడూ సగమే వినపడుతుంది. దాని వెనక వచ్చే మాట మాత్రం హాలంతా మోగుతుంది: "తాలూకు ఎవరండీ?" కిందటేడు విశాఖలో ఆరు వారాలు నేను ఆ పిలుపుకు లేచి నిలబడ్డాను. మా పెద్దమ్మ తాలూకు నేను. గోపాలపూర్ దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె ఆమెది. ఆ ఒడ్డున ఆమె ఈడు ఆడవాళ్లు చాలామందిలాగే నలభై ఏళ్లు అడ్డపొగ తాగింది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, చుట్ట తీయకుండానే చేపల బేరం కూడా చేసేది. చివరికి అంగిట్లో పుండు లేచింది. ముక్క పరీక్ష, ఆపరేషను, ఆ తర్వాత 30 సిట్టింగుల కరెంటు. రేడియేషన్‌ను మనవాళ్లు కరెంటు అంటారు కదా, ఆరు వారాల్లో నాకూ అదే అలవాటైపోయింది.

చేర్పించేటప్పుడు ఫారంలో 'పేషెంటుకు మీరు ఏమవుతారు' అన్న చోట 'కొడుకు' అని రాశాను. అబద్ధం. నేను ఆమె చెల్లెలి కొడుకును. గుమాస్తా తల ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎవరూ నన్ను రుజువు అడగలేదు. నాకు అంత తేలిగ్గా చెల్లిన మాట, అదే ఆసుపత్రిలో, అదే నెలలో మరొకరికి ఎందుకు చెల్లలేదన్నది అప్పటినుంచి నన్ను వదలడం లేదు.

మాది ఒడిశాలోని బరంపురం. మాకు విశాఖ కన్నా కటకం దగ్గర. అక్కడా మంచి వైద్యం ఉంది. అయినా క్యాన్సర్ అనగానే మా తెలుగిళ్ల వాళ్లు ఇచ్ఛాపురం దాటి దక్షిణానికే రైలెక్కుతారు. బజారులో ఒడియా గడగడా మాట్లాడేవాళ్లం కూడా. నొప్పి సలుపుతోందా, పోటు పెడుతోందా, మండుతోందా, పీకుతోందా అని డాక్టరు అడిగితే జవాబు ఇంటి భాషలోనే వస్తుంది. పర్లాకిమిడి వారికైతే విశాఖే దగ్గర కూడాను.

మేము దిగిన సత్రంలో పక్క గదిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు అటువైపు నుంచి వచ్చినవాళ్లే. ఇద్దరికీ నలభై దాటాయి. కలిసి కుట్టు దుకాణం నడుపుతారు. (వివరాలు కొన్ని మార్చాను. రాసింది ఇద్దరికీ చదివి వినిపించాకే ఇక్కడ పెడుతున్నాను.) సత్రం పుస్తకంలో అక్కాచెల్లెళ్లమని రాయించారు. పెద్దమ్మ రెండో రోజే కనిపెట్టేసింది. "అక్కాచెల్లెళ్లు ఇంత మర్యాదగా ఉంటార్రా?" అంది. నోట్లో నాలుక తిరగని రోజుల్లో కూడా ఆమె వెటకారం తిరిగేది. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. రోజూ సాయంత్రం వాళ్ల గది గడప దగ్గర కూర్చుని, వాళ్లు కాచిన గంజి తాగి వచ్చేది.

జబ్బు పెద్దావిడది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. ఎనిమిది నెలలుగా వేళ కాని వేళ రక్తం కనపడుతుంటే ఊళ్లో డాక్టరుకు చూపించుకుంది. ఆయన మొదటి ప్రశ్న "పెళ్లయిందా?" ఇరవయ్యో ఏట అయింది. రెండేళ్లకు వదిలి వచ్చేసింది. పద్దెనిమిదేళ్లుగా చిన్నావిడతో ఉంటోంది. బయట పదిమంది వరసలో ఉండగా ఈ కథంతా ఎక్కడ చెబుతుంది? "లేదు" అంది. పెళ్లి కాని స్త్రీకి లోపలి పరీక్ష చేయకపోవడం మన దగ్గర మర్యాద కింద లెక్క. రక్తం ఆగే మాత్రలు రాసి పంపారు. ఈ క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. అది ఆడవాళ్ల మధ్య కూడా అంటుతుంది. అంటుకున్నాక క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ముందే పట్టుకోవడానికి ఇంత గడువు ఇచ్చే క్యాన్సర్లు తక్కువ. ఆ గడువులో చివరి ఎనిమిది నెలలను "పెళ్లయిందా" అన్న ఒక్క ప్రశ్న మింగేసింది.

దారం కట్టిన పెన్ను

బయటి కరెంటు 25 సిట్టింగులు, వారానికోసారి కీమో సజావుగానే సాగాయి. ఆ తర్వాత లోపల గొట్టాలు పెట్టి ఇచ్చే కరెంటు ఉంటుంది. దానికి మత్తు ఇవ్వాలి. మత్తు అనగానే కాగితం వచ్చింది. "తాలూకు ఎవరండీ?" చిన్నావిడ లేచి వెళ్లింది. మా పెద్దమ్మ మందుల చీటీ కోసం నేనూ ఆ వరసలోనే ఉన్నాను.

"ఏమవుతారు?"

సత్రం పుస్తకంలో చెప్పిన అబద్ధం ఆమె మత్తు కాగితం మీద చెప్పలేకపోయింది. ఇంటిపేర్లు వేరు, ఆధార్ కార్డులు బల్ల మీదే ఉన్నాయి. "స్నేహితురాలినండీ. ఒకే ఇంట్లో ఉంటాం" అంది. నర్సు కటువుగా ఏమీ అనలేదు. "రక్తసంబంధీకులు ఎవరైనా రావాలమ్మా" అంది. నేను పనిచేసే బ్యాంకులో లాగే అక్కడా పెన్నుకు దారం కట్టి ఉంది. నర్సు దారం పట్టి పెన్నును తన వైపుకు లాక్కుంది.

రాయగడలో ఉన్న అన్నకు ఫోను చేశారు. పద్దెనిమిదేళ్లుగా మాటల్లేవు. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, వస్తానన్నాడు. రాలేదు. ఈ జబ్బుకు మొదటి సిట్టింగు నుంచి చివరి లోపలి కరెంటు దాకా అంతా ఎనిమిది వారాల్లో ముగియాలని వైద్యుల లెక్క. ఆలస్యమైన కొద్దీ జబ్బు తిరగబెట్టే భయం పెరుగుతుంది. పదకొండు రోజులు అలా గడిచాయి. చిన్నావిడ సత్రం వసారాలో కూర్చుని క్యాలెండరు మీద వేళ్లు పెట్టి లెక్కపెట్టేది, లెక్క తప్పిందేమోనని మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేది.

పన్నెండో రోజు అన్న కొడుకు వచ్చాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు. మేనత్త ముఖం గుర్తు లేదని తనే చెప్పాడు. ఎక్కడ పెట్టాలో అడిగి సంతకం పెట్టి, సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు. దేనికి ఒప్పుకున్నాడో అతనికి తెలియదు. మాత్రల పేర్లు, రిపోర్టుల తేదీలు, ఏ మందుకు వాంతులవుతాయో, ఏ మందుకు కావో తెలిసిన మనిషి మాత్రం అతనికి మూడడుగుల వెనక చేతిసంచి పట్టుకుని నిలబడింది.

ఫారం బదిలీ కాదు

లెస్బియన్, గే, ట్రాన్స్‌జెండర్ పేషెంట్లకు క్యాన్సర్ వైద్యం ఎలా మెరుగుపడాలన్న చర్చ ఎక్కడ చదివినా మూడు మాటలు కనపడుతున్నాయి: సిబ్బందికి శిక్షణ, ఇంద్రధనుస్సు బ్యాడ్జీలు, ప్రత్యేక క్లినిక్కులు. వద్దనడం లేదు. కానీ శిక్షణ పొందిన నర్సు బదిలీ అవుతుంది, ఫారం బదిలీ కాదు. ఇరవై ఆరేళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నవాడిగా చెబుతున్నాను. అవతల మనిషి మంచివాడా, విసుక్కునేవాడా అన్నది ఆ పూట మన అదృష్టం. కాగితంలో గడి ఉంటే విసుక్కునేవాడు కూడా నింపించుకోవాల్సిందే.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. చేరిన రోజే, పేషెంటు తెలివిలో ఉన్నప్పుడే, "మీ తరఫున మేము ఎవరితో మాట్లాడాలి?" అని ఆమెనే అడగాలి. ఆమె చెప్పిన పేరు రాసి, కింద ఆమె సంతకం తీసుకోవాలి. మైకులో పిలిచేది ఆ పేరునే. "ఏమవుతారు" అన్న గడి ఆ కాగితంలో ఉండనే కూడదు.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. మా బ్యాంకులో డిపాజిట్‌కు నామినీని రాసే డీఏ 1 ఫారం ఉంది. రోజూ చేత్తో పట్టుకునే కాగితమే, ఎన్నడూ శ్రద్ధగా చదవలేదు. విశాఖ నుంచి తిరిగొచ్చాక చదివాను. నామినీ పేరు, చిరునామా, ఆ తర్వాత 'డిపాజిటరుతో సంబంధం, ఉంటే' అని ఉంది. ఉంటే. సంబంధం లేకపోయినా ఫరవాలేదని ఆ ఒక్క మాట ఒప్పుకుంటోంది. పదివేల రూపాయల డిపాజిట్‌కు దొరికిన ఆ 'ఉంటే' మనిషి ఒంటికి దొరకలేదు.

"చట్టం ఒప్పుకోదండీ" అంది నర్సు. తీరిక దొరికాక వెతికి చూశాను. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇందుకు విరుద్ధం. అందులో పేషెంటు మత్తులో ఉండగా తల్లి చేత ఒప్పించి గర్భసంచి తీసేశారు. పేషెంటు వయసొచ్చిన మనిషి, లేచేదాకా ఆగి ఆమెనే అడిగే వీలుంది, కాబట్టి తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు తేల్చింది. ఈ లెక్కన మా పక్క గది ఆవిడ సంతకం ఒక్కటి చాలు. ఆమె నిక్షేపంగా తెలివిలో ఉంది, తన సంతకం పెట్టింది కూడా. అన్న సంతకం అడిగింది ఆసుపత్రి భయమే.

పేషెంటు తెలివి తప్పితే ఎవరిని అడగాలన్న చిక్కు నిజమైనదే. దానికీ దారి మన చట్టాల్లోనే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మేజరైన ఎవరైనా తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ముందుగానే రాసి పెట్టుకోవచ్చు, ఆ ప్రతినిధి బంధువే కానక్కరలేదు. మనసు జబ్బుకు చెల్లిన కాగితం గర్భసంచి జబ్బుకు ఎందుకు చెల్లదో నాకు అర్థం కాలేదు. స్వలింగ జంటల పెళ్లిపై సుప్రీంకోర్టు ఇచ్చిన 2023 అక్టోబరు 17 నాటి తీర్పులో పెళ్లి హక్కు రాలేదు గాని, ఆ తర్వాత కేంద్రం వేసిన కమిటీ పుణ్యమా అని 2024లో కొన్ని ఉత్తరాలు కదిలాయి. ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసిన దాంట్లో ఒక అంశం: దగ్గరి బంధువులు లేనప్పుడు మృతదేహాన్ని భాగస్వామి తీసుకోవచ్చు. మంచిదే. కానీ ఆ వరస చూడండి. శవానికి తాలూకు కావచ్చు, ఊపిరి ఉన్నంతకాలం మూడడుగుల వెనకే నిలబడాలి.

నర్సు చెప్పిన కథ

ఇంతవరకు నా వాదన నాకే ముద్దొస్తోంది. అందుకే ఆ నర్సు చెప్పింది కూడా రాయాలి. ఒక మధ్యాహ్నం టీ బంకు దగ్గర కలిసింది. అంతకుముందు పనిచేసిన చోట ఒక కుర్రాడికి అతని స్నేహితుడే సంతకం పెట్టాడట. ఆపరేషను అయ్యాక కుర్రాడు బతకలేదు. మర్నాడు అన్నదమ్ములు పాతికమందిని వెంటేసుకుని వచ్చారు. అద్దాలు పగిలాయి. డ్యూటీ డాక్టరు దుప్పట్ల గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాడు. "అప్పుడు మీరు చెప్పే చట్టం వచ్చి అడ్డం నిలబడుతుందా సార్?" అంది.

నిలబడదు. రాయి విసిరేవాడు ఫారం చదవడు. అయినా ఒక తేడా ఉంటుందనుకుంటాను. ఆ అన్నదమ్ములు అడిగితే చూపించడానికి ఆ రోజు ఆసుపత్రి దగ్గర స్నేహితుడి సంతకం మాత్రమే ఉంది. 'ఇతనితోనే మాట్లాడండి' అని పేషెంటు తన చేత్తో రాసిచ్చిన కాగితం ఉండి ఉంటే, గొడవ తప్పకపోయినా, పోలీసు స్టేషన్లో డాక్టరు చేతిలో ఏదో ఒకటి ఉండేది. నర్సు తల ఊపింది. ఒప్పుకుందో, టీ అయిపోయిందో చెప్పలేను.

మరో సందేహం నా ఇంటిలోంచే వచ్చింది. ఇదంతా చెబితే మా ఆవిడ, "రేపు మన అమ్మాయి ఎవరి పేరో రాసి, మనల్ని బయట నిలబెడితే?" అని అడిగింది. మనసు చివుక్కుమంది, దాచను. కన్నవాళ్లకు కబురు కూడా అందకూడదా అన్న ప్రశ్న తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఇంటినుంచి వెళ్లగొట్టిన పిల్లకు జబ్బు చేసిందని తెలిసి పరుగెత్తుకొచ్చిన తల్లులు కూడా ఉంటారు. అలాంటి తల్లి పేరు రాసుకునే వీలు కూడా అదే గడిలో ఉంది. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలదాకా రాసుకోవచ్చు. ఆసుపత్రి కాగితంలో ఇద్దరికి చోటివ్వడానికి ఏం కష్టం? ఇంకొకటి, నామినీ అంటే వారసుడు కాదు. డబ్బు చేతికి తీసుకుంటాడు, అది ఎవరికి చెందాలో వారసత్వ చట్టం చూసుకుంటుంది. ప్రతినిధి కూడా అంతే. ఇల్లు, పొలం ఎటు పోతాయో అన్న బెంగతో ఆసుపత్రికి వచ్చే అన్నలు ఈ ముక్క వింటే సగం మంది రాయగడలోనే ఆగిపోతారు. (ఇది నా దుర్మార్గపు ఊహ.)

అసలు ఎవరికీ చెప్పుకోని వాళ్ల సంగతి? మా ప్రాంతంలో వాళ్లే ఎక్కువ. పర్లాకిమిడిలో ఒకరి గుట్టు సాయంత్రానికి మహేంద్రతనయ నది దాటి పాతపట్నం చేరుతుంది. 'భాగస్వామి' అని కొత్త గడి పెడితే ఆ గడిలో టిక్కు పెట్టే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? సంబంధం గడి తీసేయమంటున్నది అందుకే. పేరు చాలు. మిగతాది వాళ్ల ఇల్లు.

కార్డు ఎవరి ఇంట్లో ఉంది

నా ఒక్క గడి వాదం తేలిపోయే చోటు డబ్బు. ఒడిశా ఆరోగ్య పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు ఇస్తుంది. చెడ్డ పథకమని నోరు జారలేం. కానీ కుటుంబం అంటే రేషన్ కార్డు. పెద్దావిడ పేరు ఇంకా అన్న రేషన్ కార్డులోనే ఉంది. బియ్యం అక్కడే పోతున్నాయి, వైద్యమూ అక్కడే ఇరుక్కుంది. దుకాణంలో రెండు కుట్టుమిషన్లుంటే ఒకటి అమ్మేశారు. కలిసి ఉంటున్న ఇలాంటి జంటలను రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివారిగా చూడమని కేంద్రం 2024లోనే రాష్ట్రాలకు రాసింది. నేనే ఒక కార్యాలయానికి వెళ్లి అడిగాను. "అలాంటిదేదీ మా దాకా రాలేదు" అన్నారు. అబద్ధమాడుతున్నట్టు లేదు. నిజంగానే రాలేదనుకుంటాను.

ట్రాన్స్‌జెండర్లకు ఈ విషయంలో కాగితం మీద కాస్త నయం. గుర్తింపు పత్రం ఉన్నవారికి ఏడాదికి 5 లక్షల వైద్యమని ఆయుష్మాన్ భారత్ కింద 2022లో ఒప్పందం జరిగింది. వార్డులో మాత్రం వేరే కథ. దవడ క్యాన్సర్‌తో వచ్చిన ఒక హిజ్రాను మగవాళ్ల వార్డులో పడుకోబెట్టారు. ఆవిడ తెల్లవార్లూ దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకునేది. ఫారంలో తండ్రి పేరు దగ్గర గురువు పేరు చెప్పింది. గుమాస్తా ఆధార్‌లో ఉన్నదే రాశాడు. చూడ్డానికి వచ్చిన చేలాలు, అంటే శిష్యులు, నలుగురినీ గేటు దగ్గరే ఆపేశారు, రైల్లో చప్పట్లు కొట్టేవాళ్లకు ఆసుపత్రిలో పనేమిటన్నట్టు. గురువు, చేలా అన్నవి వాళ్ల దగ్గర తరతరాల బంధుత్వాలు. మన ఫారానికి మాత్రం అవి కొత్త.

అక్కడ వైద్యానికి సంబంధించి మరో ముక్క ఉంది. ఆడా, మగా అని టిక్కు పెట్టించి ఊరుకుంటే డాక్టరుకు సరిపోదు. ఏ అవయవం ఉందో అడగాలి. నిర్వాణం (హిజ్రాల ఆచారంలో మగ అవయవాలు తీసేయడం) అయినా, పెద్దాసుపత్రిలో ఆపరేషను చేయించుకున్నా, ప్రొస్టేట్ గ్రంథి లోపల అలాగే ఉంటుంది. మగవాడిగా బతుకుతూ, కార్డులో మగ అని ఉన్న ట్రాన్స్ పురుషుడికి గర్భసంచి ఉండవచ్చు. ముప్పై దాటిన ఆడవాళ్లను పరీక్షకు పిలిచే జాబితాలో అతని పేరు ఎక్కదు. నెదర్లాండ్స్‌లో హార్మోన్లు వాడుతున్న 2,260 మంది ట్రాన్స్ మహిళల రికార్డులు చూసి 2019లో తేల్చిందేమిటంటే, రొమ్ము క్యాన్సర్ ముప్పు వాళ్లకు మామూలు ఆడవాళ్లకన్నా తక్కువ, మగవాళ్లకన్నా ఎక్కువ. మందుల దుకాణంలో హార్మోను మాత్రలు కొని సొంతంగా మింగేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతున్నారు?

దేశంలో 2012లో మొదలైన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ ఉంది. 300కు పైగా సంస్థలు అందులో ఉన్నాయి. ఏ జబ్బుకు ఏ వరసలో వైద్యం చేయాలో అందరికీ ఒకే పద్ధతి రాసిస్తారు. అలాగే చేర్పించుకునే ఫారానికీ ఒక నమూనా రాసిస్తే, ఒక్కో ఆసుపత్రి గుమాస్తాతో, ఒక్కో నర్సుతో ఈ వాదన మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాల్సిన పని ఉండదు.

పెద్దావిడ ఇప్పుడు బాగానే ఉంది. మూడు నెలలకోసారి చూపించుకోవాలి. మా పెద్దమ్మకు అంగిట్లో పలక పెట్టారు, దాంతో మాట కాస్త ముక్కులోంచి వస్తుంది, వెటకారం తగ్గలేదు. వాళ్లిద్దరూ జాకెట్ గుడ్డలు కొనడానికి బరంపురం వచ్చినప్పుడల్లా ఆమెను చూసి వెళతారు. పోయిన నెల వచ్చినప్పుడు మా శాఖలో ఖాతా తెరిచారు. మిషను అమ్మగా వైద్యానికి పోను మిగిలిన డబ్బు డిపాజిట్ చేయాలన్నారు.

ఫారం ఒడియా, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంది. పెద్దావిడకు చదవడం తెలుగే వచ్చు. ఒక్కో గడి నేను చదువుతుంటే నింపుతూ వచ్చింది. చిన్నావిడ పేరు, ఊరు, వయసు రాసింది. "సంబంధం, ఉంటే" అని చదివాను.

"ఏం రాయమంటారు?"

"ఉంటే రాయండి. లేకపోతే ఖాళీగా వదిలేయొచ్చు, ఇబ్బంది లేదు."

ఆమె దారం కట్టిన మా పెన్నును కాసేపు అలా పట్టుకుని కూర్చుంది. వెనక వరసలో ఒకాయన దగ్గాడు. చిన్నావిడ గోడ మీద వడ్డీ రేట్ల బోర్డు కేసి చూస్తోంది. పెద్దావిడ వంగి, గుండ్రటి తెలుగు అక్షరాలతో, ఆ గడిలో 'ఉంది' అని రాసింది.

ఆ గడిలో అలా రాయకూడదు. నేను ముద్ర వేసి లోపలికి పంపాను.